తోట వేస్తే ప్లాస్టిక్ మొక్కల్లా ఉందేంటి?

ప్రశ్న: యాక్రిలిక్స్‌తో తోట వేస్తున్నానండి. చెట్లు, పూలమొక్కలు, మధ్యలో కాలిబాట. ఒక్కో ఆకూ ఓపిగ్గా వేశా, అయినా చల్లగా, దట్టంగా అనిపించట్లేదు, ప్లాస్టిక్ మొక్కలు పెట్టినట్టుంది. ఇంకా ఆకులు వెయ్యాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దండీ, ముందు ఆ సన్న బ్రష్ పక్కన పెట్టేయండి! నాకెందుకో మీరు గ్రీన్‌ని ట్యూబ్‌లోంచి నేరుగా తీసి, ఎండకి తెలుపు, నీడకి నలుపు కలిపారనిపిస్తోంది (మొదట్లో నేనూ అదే చేసేదాన్ని లెండి). తెలుపు పడితే పచ్చ సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది. ఎండ పడే ఆకుకి లెమన్ ఎల్లో కలపండి, నీడకి సాప్ గ్రీన్‌లో (ముదురు ఆకుపచ్చ) ఒక్క చుక్క అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), ఎరుపు పచ్చ పొగరు అణిచేస్తుంది కాబట్టి నలుపు జోలికి పోకుండానే మంచి చీకటి వస్తుంది, దూరపు చెట్లకైతే కాస్త నీలం, బూడిదరంగు చాలు.

దట్టంగా ఉందనిపించేది ఆకుల మధ్యలో ఉండే ఆ చీకటే. కళ్లు సగం మూసి ఏదైనా పొదని చూడండి, ఆకులు పోయి నాలుగైదు ముద్దలు మిగుల్తాయి, వాటిని పెద్ద ఫ్లాట్ బ్రష్‌తో ముదురుగా వేసేసి, ఆరాక మీద మధ్యరకం పచ్చ వేసి, చివర్లో ఎండ తగిలే అంచుల దగ్గర మాత్రం పదో పదిహేనో ఆకులు విడిగా వెయ్యండి. అన్నట్టు యాక్రిలిక్ ఆరితే కాస్త ముదురుతుంది, లేత రంగులు ఇంకొంచెం లేతగానే కలుపుకోండి.

ఇక మూడ్ సంగతి. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే జివెర్నీ ఊళ్లో తన తోటలోని కలువల కొలనుని, దానిమీద వంతెనని 1899లో వేసిన బొమ్మలు నెట్‌లో చూడండి. ఆకాశం దాదాపు కనబడదు, పైదాకా ఆకులే, మనం ఆ పచ్చదనం లోపల నిలబడ్డట్టు ఉంటుంది. ఇంకా దగ్గరగా జూమ్ చేస్తే కలువాకులకి అడ్డగీతలు, నీళ్లలో చెట్ల నీడలకి నిలువు గీతలు, అంతే, ఆకు అని చెప్పుకోదగ్గ ఆకు ఒక్కటీ ఉండదు!

మీ బొమ్మలో ఆకాశం ఎక్కువుంటే కొమ్మలతో కప్పేయండి. కాలిబాటని చివరిదాకా చూపించకుండా నీడలోకి మలిపి వదిలేయండి, దానిమీద ఒకట్రెండు ఎండ మచ్చలు పడితే చాలు. పూలు మాత్రం అన్నీ అయ్యాకే, అదీ బాగా చీకటిగా ఉన్న చోటు పక్కన.