వీచాట్‌లో చెప్పాను, నోటీసు ఇచ్చినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. మూడేళ్లుగా చైనాలోని షెన్‌జెన్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెస్ట్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. డాలస్‌లో స్థిరపడిన అమెరికా పౌరుడితో నాకు పెళ్లి కుదిరింది. కె-1 వీసా (అమెరికా పౌరుణ్ణి పెళ్లాడబోయేవారికి ఇచ్చేది) పిటిషన్ ఆమోదం పొందింది, ఇంటర్వ్యూ ఇండియాలో ఉంటుంది. నాన్నగారికి ఒంట్లో బాగుండడం లేదు, అమ్మ ఒక్కతే అన్ని పనులూ చూసుకుంటోంది. పది రోజుల కిందట మా మేనేజరుకు వీచాట్‌లో (చైనాలో వాడే మెసేజింగ్ యాప్) ‘పెళ్లి కుదిరింది, వచ్చే నెల మానేయాలనుకుంటున్నాను, దయచేసి అనుమతించండి’ అని రాశాను. ‘అభినందనలు, మాట్లాడదాం’ అన్నారు. ఇప్పుడేమో హెచ్ఆర్ వాళ్లు కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉందని, మధ్యలో మానేస్తే రెండు నెలల జీతం కట్టాలని, చివరి నెల జీతం కూడా ఆపేస్తామని అంటున్నారు. నా టికెట్ 18 రోజుల్లో ఉంది. సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోయి, అక్కడి నుంచి రాజీనామా మెయిల్ పెట్టమని స్నేహితులు చెబుతున్నారు. మనసు లేని ఈ కంపెనీని ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో సగానికి పైగా పెళ్లి గురించీ, నాన్నగారి ఆరోగ్యం గురించీ, కంపెనీ తీరు గురించీ రాశారు. వీటిలో ఏదీ ఈ వ్యవహారాన్ని తేల్చదు. ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నానని మీరు రాతపూర్వకంగా ఇచ్చిన నోటీసు కంపెనీకి ఏ రోజున అందిందన్నదే దీన్ని తేలుస్తుంది. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ తేదీ నాకు కనిపించలేదు.

చైనాలో 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కార్మిక ఒప్పంద చట్టంలోని 37వ అధికరణం ప్రకారం ఉద్యోగి 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేసి ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. ప్రొబేషన్‌లో ఉన్నవారికి మూడు రోజులు చాలు. యజమాని సమ్మతి అక్కర్లేదు. అలాంటి హక్కు చేతిలో ఉండగా మీరు ‘దయచేసి అనుమతించండి’ అని రాశారు. అది నోటీసు కింద నిలబడదు, విన్నపం అవుతుంది. విన్నపానికి ‘మాట్లాడదాం’ అని జవాబిస్తే ఇంకా ఏదీ తేలనట్టే లెక్క. పైగా అందులో చివరి పనిదినం ఏదో కూడా లేదు. వీచాట్ సందేశాలు సాక్ష్యంగా పనికిరావని అనడం లేదు. 2020 మే 1న అమల్లోకి వచ్చిన సవరించిన సాక్ష్య నిబంధనల్లో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు చాట్ సందేశాలను ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా గుర్తించింది. అయితే స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, అసలు ఫోన్ చూపించాల్సి రావచ్చు. కాబట్టి ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి, ఆ ఖాతా తొలగించకండి.

ఈ రోజే ఒక పేజీ నోటీసు రాయండి. చైనీస్‌లోనూ ఇంగ్లిషులోనూ ఉండాలి. ‘37వ అధికరణం ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకుంటున్నాను, నా చివరి పనిదినం ఫలానా తేదీ’ అని ఉంటే చాలు. కోరుతున్నాను, ప్రార్థిస్తున్నాను అనే మాటలు వద్దు. దాన్ని చైనా పోస్ట్ వారి ఎక్స్‌ప్రెస్ సర్వీసు ఈఎంఎస్‌లో, కంపెనీ రిజిస్టరైన చిరునామాకు పంపండి. కవరు మీది స్లిప్పులో లోపల ఏముందో రాసే చిన్న గడి ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. అందులో ‘ఉద్యోగ ఒప్పంద రద్దు నోటీసు’ అని చైనీస్‌లో రాసి, స్లిప్పును, నోటీసును పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి. రేపు హెచ్ఆర్ వాళ్లు ‘కవరు వచ్చింది గానీ అందులో ఖాళీ కాగితం ఉంది’ అంటే ఆ గడే మీకు సాక్ష్యం. అదే నోటీసు ఆఫీసు మెయిల్‌కు కూడా పంపండి. అందిన రోజును వదిలేసి మర్నాటి నుంచి 30 రోజులు లెక్కించాలి. అంటే మీ టికెట్ తేదీ ఆ గడువులోపే పడుతోంది.

ఇక్కడే మీ స్నేహితుల సలహా ప్రమాదకరం. సెలవు పేరుతో విమానం ఎక్కి ఇంటి నుంచి రాజీనామా పంపితే, చట్టవిరుద్ధంగా ఒప్పందం తెంచుకున్న ఉద్యోగి కంపెనీకి కలిగిన నష్టం భరించాలనే 90వ అధికరణాన్ని మీరే వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది. కంపెనీ ల్యాప్‌టాప్ మీ దగ్గరే ఉండిపోతే ఇంకా కష్టం. వర్క్ పర్మిట్ రద్దు కాకుండా మిగిలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కె-1 ఇంటర్వ్యూకు మూడేళ్లు నివసించిన చైనా నుంచి నేరచరిత్ర లేదన్న ధ్రువపత్రం కావాలి, అది నోటరీ కార్యాలయం ద్వారా తీసుకోవాలి. చెల్లుబాటయ్యే రెసిడెన్స్ పర్మిట్‌తో అక్కడే ఉన్నప్పుడు అది తీసుకోవడం తేలిక; గుంటూరులో కూర్చుని తెప్పించుకోవడం ఎంత అవస్థో ఊహించుకోండి. ముందు ఆ పని పూర్తి చేసుకోండి.

రెండు నెలల జీతం కట్టాలన్న బెదిరింపుకు వస్తే, 25వ అధికరణం ప్రకారం ఉద్యోగి మీద జరిమానా షరతు రెండు సందర్భాల్లోనే పెట్టవచ్చు: కంపెనీ ప్రత్యేకంగా డబ్బు ఖర్చుపెట్టి వృత్తి శిక్షణ ఇప్పించి సేవా కాలం రాయించుకున్నప్పుడు, పోటీ సంస్థలో చేరకూడదని గానీ రహస్యాలు కాపాడాలని గానీ రాయించుకున్నప్పుడు. శిక్షణ విషయంలో కూడా మిగిలిన కాలానికి తగిన ఖర్చు మాత్రమే అడగాలి. అయితే షాంఘై వంటి చోట్ల విదేశీ ఉద్యోగుల ఒప్పందంలోని షరతులకు ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతి ఉంది కనుక, మీ ఒప్పందంలో ఏముందో చూడకుండా ఎవరూ గట్టిగా చెప్పలేరు. మీరు పంపిన కాగితాల్లో ఒప్పందం ప్రతి లేదు. మూడేళ్లు పనిచేసి, సంతకం చేసిన కాగితం ప్రతి దగ్గర పెట్టుకోకపోవడం క్షమించరాని అజాగ్రత్త అమ్మా. చెరో ప్రతి ఉండాలని చట్టమే చెబుతోంది. రేపే అడిగి తీసుకోండి, చైనీస్ పాఠాన్ని నమ్మకమైన వారితో చదివించుకోండి.

చివరి రోజున పని, పరికరాలు అప్పగించిన జాబితా మీద సంతకం తీసుకోండి. ఉద్యోగం వదిలిన ధ్రువపత్రం, చైనీస్‌లో లిజి జెంగ్‌మింగ్ అంటారు, కంపెనీ గుండ్రని ఎర్ర ముద్రతో ఇవ్వడం 50వ అధికరణం ప్రకారం వాళ్ల బాధ్యత. వర్క్ పర్మిట్ రద్దయ్యాక పనులు మిగిలి ఉంటే 30 రోజుల వరకు ఉండేందుకు అనుమతి అడగండి. అనుమతి లేకుండా ఉంటే రోజుకు 500 యువాన్ల చొప్పున 10,000 యువాన్ల వరకు జరిమానా వేయవచ్చు. మీ పేరిట పెన్షన్ ఖాతా ఉంటే, మీ వాటా సొమ్ము ఒకేసారి వాపసు కోరుతూ వెళ్లేముందే దరఖాస్తు ఇవ్వండి.

జీతం ఆపితే ముందు కార్మిక మధ్యవర్తిత్వ సంఘానికే వెళ్లాలి, కోర్టు ఆ తరువాతే. అక్కడ ఫీజు లేదు. కానీ ఉద్యోగం ముగిసిన రోజు నుంచి ఏడాదిలోపు ఫిర్యాదు వేయాలి. పెళ్లి, కొత్త కాపురం సందడిలో ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది. డాలస్ నుంచి వకాల్తా పంపాలంటే నోటరీ, అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ) చేయించాలి కాబట్టి, షెన్‌జెన్‌లో ఉండగానే ఒక స్థానిక న్యాయవాదికి సంతకం చేసిన వకాల్తా ఇచ్చి వెళ్లండి.

టికెట్ మార్చుకోలేని పరిస్థితి ఉంటే ఒక్క దారి ఉంది. 36వ అధికరణం కింద ఇరుపక్షాలూ ఒప్పుకుని 30 రోజులకు ముందే ముగించుకోవచ్చు. చివరి తేదీ, చెల్లించాల్సిన జీతం, ఒకరిపై ఒకరికి ఇక బాకీ లేదన్న మాట అందులో రాయించి, ముద్ర వేయించుకోండి. నోటీసు పంపిన రోజే ఈ ప్రతిపాదన కూడా హెచ్ఆర్ ముందు పెట్టండి. వారంలోపు ముద్ర పడకపోతే టికెట్ తేదీ మార్చండి.