సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబుకు పింఛను: వయసు అడ్డు కాదండి

ఐదేళ్లు నిండిన మీ బాబుకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు సమస్య వల్ల కాళ్లూ చేతుల కదలికలు దెబ్బతినే వైకల్యం) ఉందని, చిన్నపిల్లలకు పింఛను రాదని సచివాలయంలో ఎవరో అన్నారని రాశారు. ఆ మాటకి టెన్షన్ పడకండి. దివ్యాంగుల పింఛనుకు వయసుతో పని లేదు. సదరం సర్టిఫికెట్‌లో, అంటే ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. మిగతా అర్హతలు కుటుంబానికి మామూలుగా చూసేవే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు ఇస్తున్నారు.

ముందు ఆధార్ చూసుకోండి. పసిపిల్లలకిచ్చే నీలం కార్డులో వేలిముద్రలు ఉండవు, ఐదు నిండాక వేయించాలి. తర్వాత మీసేవలోగానీ సచివాలయంలోగానీ సదరం పరీక్షకు స్లాట్ బుక్ చేయించండి. స్లాట్ గుంటూరు జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) పడితే పొద్దున్నే వెళ్లండి. స్కాన్ రిపోర్టులు, ఫిజియోథెరపీ చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. అసలు సంగతి ఇక్కడే ఉంది: ఆ రోజు బాబు హుషారుగా నవ్వుతూ కూర్చుంటే డాక్టరుకి అంతా బాగానే కనిపిస్తుంది. గ్లాసు పట్టుకోలేడని, మెట్టు ఎక్కలేడని మీరే చెప్పాలి. మొహమాటపడితే శాతం దగ్గరే దెబ్బ పడుతుంది.

పిల్లలకు తరచూ తాత్కాలిక సర్టిఫికెట్టే ఇస్తారు, గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. సర్టిఫికెట్ రాగానే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకి కూడా దరఖాస్తు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. దీనికోసం పింఛను మంజూరయ్యేదాకా ఆగక్కర్లేదు.