మధ్యాహ్నం వాడిపోయే మందార

కూకట్‌పల్లిలో పడమటి బాల్కనీ అని, కుండీలో మట్టి తడిగానే ఉన్నా మధ్యాహ్నానికి మందార ఆకులు వేలాడుతున్నాయని, అందుకే మళ్లీ నీళ్లు పోస్తున్నానని రాశారు. ఆ రెండో చెంబు ఆపేయండి.

ఆకు అడుగున కంటికి కనిపించని పత్రరంధ్రాలుంటాయి. వేళ్లు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా వాటి గుండా ఆవిరైపోతుంది. బడిలో బట్టీపట్టిన బాష్పోత్సేకం ఇదే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి వడగాలి తోడైతే, వేళ్లు అందించే దానికన్నా ఆకులు వదిలేది ఎక్కువవుతుంది, ఆకు వాలిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఒక కొమ్మకు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి దారంతో కట్టి చూడండి. కాసేపటికి లోపలంతా చెమట పట్టినట్టు బిందువులు. చూశాక వెంటనే తీసేయండి, లేకపోతే ఆకులు ఉడికిపోతాయి!

రాత్రి ఏడింటికి ఆకులు లేచి నిలబడితే జబ్బేమీ లేదు. తెల్లవారినా అలాగే వాలి ఉంటే మాత్రం వేళ్లు కుళ్లుతున్నాయేమో చూడాలి.

మీ ఫోటోలో కుండీ పక్కనే ఏసీ బయటి యూనిట్ ఉంది. నా అనుమానమంతా దాని మీదే. కుండీని ఆ వేడిగాలికి దూరంగా జరిపి, పడమర వైపు షేడ్ నెట్ కట్టండి. నీళ్లు పొద్దున్నే, అదీ మట్టిలో వేలు గుచ్చి చూశాకే పోయండి.