ఎముకను కరిగించే కణాలు లేకపోతే ఎముక గట్టిపడుతుందా?

ఆస్టియోక్లాస్టులు ఎముకను కరిగిస్తాయి కాబట్టి నోట్స్‌లో వాటిని 'శత్రు కణాలు' అని రాసుకున్నానని, అవి లేకపోతే ఎముక ఇంకా గట్టిగా ఉండాలి కదా అని మీరు అడిగారు. జరిగేది పూర్తిగా రివర్స్ అండీ. ఆ కణాలు సరిగా పనిచేయని జబ్బు నిజంగానే ఉంది, పేరు ఆస్టియోపెట్రోసిస్. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ సుద్దముక్కలా విరుగుతుంది. తీవ్రమైన రకంలో రక్తకణాలు తయారయ్యే మజ్జకు చోటు చాలక రక్తహీనత వస్తుంది. పుర్రెలో నరాలు వెళ్లే దారులు ఇరుకై పసిపిల్లలకు చూపు కూడా పోవచ్చు.

ఎముక లావు పెరిగేటప్పుడు బయట కొత్త పొర పడుతుంటే, లోపలివైపు ఆస్టియోక్లాస్టులు తొలుస్తూ వస్తాయి. అందుకే అది బోలుగా, తేలిగ్గా ఉంటుంది. ఎముకకు గట్టిగా అతుక్కుని, కింది సందులోకి ఆమ్లం వదిలి ఖనిజాన్ని, కాథెప్సిన్ కె అనే ఎంజైముతో కొలాజెన్ అనే ప్రోటీన్‌ను కరిగిస్తాయి. పుట్టుకలో ఇవి క్రిములను మింగే రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లకు చుట్టాలు, ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టుల వంశం కానే కాదు. నాకైతే అన్నిటికంటే ఆశ్చర్యం ఇదే.

పెద్దయ్యాక ఎముకలో ఒకచోట తవ్వడానికి ఆస్టియోక్లాస్టులకు సుమారు 2, 3 వారాలు చాలు, ఆ గుంత పూడ్చడానికి ఆస్టియోబ్లాస్టులకు 3, 4 నెలలు పడుతుంది. తవ్వకం అదేపనిగా పూడ్చడాన్ని మించిపోతే ఎముక గుల్లబారుతుంది. నోట్స్‌లో ఆ 'శత్రు' అన్న మాట మాత్రం కొట్టేయండి.