సూపర్ హీరో కార్టూన్ల మీద రాస్తున్న అమ్మాయికి

విజయవాడ

చి. మాధవికి, ఆశీస్సులు.

పిల్లల మీద సూపర్ హీరో కార్టూన్ల ప్రభావం గురించి నువ్వు గుంటూరు నుంచి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. పేచీ అంతా శీర్షికతోనే. ‘మీ ఇంట్లో రాక్షసుణ్ని పెంచుతున్నారా?’ అని పెడితే మీ బ్రాడీపేటలో ఏ తల్లీ మొదటి పేరా దాటదు. పొద్దున ఏడున్నరకి ఒక పక్క క్యారేజీ సర్దుతూ ఇంకో పక్క పిల్లాడి నోట్లో ముద్ద పెట్టాలంటే ఆవిడకి ఫోన్‌లో కార్టూన్ తప్ప దిక్కు లేదు. ముందే బోనెక్కించాక ఇక నువ్వేం చెప్పినా వినదు.

‘మంచివా, చెడ్డవా’ అన్న ప్రశ్న కూడా తీసెయ్. ఎన్నేళ్ల పిల్లలకి? మూడేళ్ల వాడికీ తొమ్మిదేళ్ల వాడికీ కలిపి ఒకటే జవాబు రాశావు, వ్యాసం అక్కడే కుంటింది. నా లెక్క చెబుతాను. ఐదేళ్ల లోపు వాళ్లకి ఫైటింగ్ మీద నడిచే కార్టూన్ అక్కర్లేదు. ఆరేడేళ్ల వాళ్లు చూడొచ్చు, పక్కన పెద్దవాళ్లు కూచుంటే. ఎనిమిది దాటాక ఏ కార్టూనో ఒకసారి చూసి ఒప్పుకోవచ్చు. నీ లెక్క వేరైతే అదే రాయి, వయసు మాత్రం వేసి రాయి.

ఎపిసోడ్ చూడకుండా రాశావని తెలిసిపోతోంది. చాలావాటికి ఒక్కో కథ పదకొండు నిమిషాలో, ఇరవై రెండు నిమిషాలో ఉంటుంది. ఒకటి ఎంచుకుని మూడుసార్లు చూడు. మొదటిసారి మామూలుగా. రెండోసారి సౌండ్ తీసేసి, కాగితం దగ్గర పెట్టుకుని దెబ్బ పడిన ప్రతిసారీ ఒక గీత గియ్యి. గీత పక్కన, దెబ్బ తిన్నవాడు ఆ తర్వాత ఏమయ్యాడో రెండు ముక్కలు రాసుకో. చెయ్యెత్తే ముందు హీరో ఇంకేమన్నా ప్రయత్నం చేశాడా, అదీ రాసుకో. మూడోసారి తెర వైపు చూడకుండా మాటలు మాత్రమే విను.

ఎన్ని గీతలు వచ్చాయన్నది పెద్ద విషయం కాదు, పక్కన రాసుకున్న ముక్కలే నీకు పనికొస్తాయి. విలన్ని ఎత్తి గోడకేసి కొడతారు. గోడకి అచ్చం వాడి ఆకారంలోనే కన్నం పడుతుంది. వాడు దుమ్ము దులుపుకుని లేచి, పళ్లు నూరుతూ మళ్లీ వస్తాడు. పదేళ్ల వాడు చూసి నవ్వుకుంటాడు. నాలుగేళ్ల వాడికి మాత్రం గోడకేసి కొడితే మనిషి లేచొస్తాడన్న కబురు అందుతుంది. ఏడుపు, వాపు, కట్టు, ఆస్పత్రి ఏదీ కనిపించదు. రక్తం లేదు కాబట్టి పిల్లలదే అని మనం ఊరుకుంటాం, అసలు చిక్కు ఆ రక్తం లేకపోవడంలోనే ఉంది. ఆఖరి నిమిషంలో హీరో ‘కోపం మంచిది కాదు’ అని నీతి చెబుతాడు. పావుగంట కింద చూసిన గుద్దుకీ ఈ మాటకీ ముడి వేసుకోవడం ఆ వయసుకి కష్టం. ఈ పేరాని నువ్వు తీరిగ్గా రాయాలి, ఇందులో తొందరపడకు.

మూడోసారి వినేటప్పుడు తెలుగు డబ్బింగ్ మీద చెవి పెట్టు. ‘నిన్ను సర్వనాశనం చేస్తాను’ లాంటి గ్రాంథికపు బెదిరింపులు ఇంట్లో ఎవరూ వాడరు. అవి పిల్లాడి నోట వస్తే ఎక్కణ్నుంచి వచ్చాయో తల్లికి ఇట్టే తెలుస్తుంది. ఇలాంటివి రెండు చాలు, పేజీ నిండా వద్దు.

ఇక పరిశోధనలు. ‘కార్టూన్లు మెదడును పాడుచేస్తాయని శాస్త్రవేత్తలు తేల్చారు’ అన్న వాక్యం కొట్టెయ్. ఎవరు, ఎప్పుడు, ఎంతమంది మీద అన్నది రాయకపోతే అది పుకారుతో సమానం. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 72 మందితో ప్రయోగం చేశాడు. గాలి బొమ్మని పెద్దవాళ్లు కొడుతుంటే చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. 1963లో అదే పనిని సినిమాగా, కార్టూన్ తరహాలో చూపించినా అనుకరించారు. అయితే అది కొడితే పడి మళ్లీ లేచే బొమ్మ, కొట్టించుకోవడానికే పుట్టింది. ఆ మాట కూడా రాయి. 2011లో లిలార్డ్, పీటర్సన్ అనే ఇద్దరు 60 మంది నాలుగేళ్ల పిల్లల్ని పరీక్షించారు. వేగంగా పరిగెత్తే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూసిన వెంటనే, ఆగి ఆలోచించాల్సిన పనుల్లో పిల్లలు వెనకబడ్డారు. అది ఫైటింగ్ కార్టూన్ కాదు. వెంటనే ఏమైందో చెప్పింది గానీ ఏడాది తర్వాత సంగతి చెప్పలేదు. 2017లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు చూసినప్పుడు సూపర్ హీరోల మీద బాగా మోజున్న బుజ్జి పిల్లల్లో ఏడాది తర్వాత దూకుడు ఎక్కువ కనిపించింది, తోటివాళ్లని కాపాడే గుణం మాత్రం పెరగలేదు. ఇందులో ‘వల్ల’ అనే విభక్తి వాడావంటే తప్పు. దూకుడు పిల్లలే అవి ఎక్కువ కోరుకుంటారేమో, ఎవరు చూడొచ్చారు?

నీ వాదానికి ఎదురొచ్చేదాన్నీ దాచకు. అదే 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసుకుని తామే ఆ పాత్ర అనుకున్న నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు విసుగు పుట్టించే పనిని మిగతావాళ్ల కంటే ఎక్కువసేపు చేశారు.

‘మన భీముడు గద పట్టలేదా?’ అని పాఠకుడు అడుగుతాడు, అడగాలి కూడా. మనవి మంచివి, పరాయివి చెడ్డవి అన్న పేరా అందుకే నిలబడదు. తేడా గదలో లేదు. నాయనమ్మ కథ చెబుతుంటే పిల్లాడి కళ్లు పెద్దవైన చోట ఆగుతుంది, గొంతు తగ్గిస్తుంది, దుశ్శాసనుణ్ని చంపే ఘట్టం మొత్తం దాటేస్తుంది. తెర ఆగదు. భీముడి పేరు పెట్టుకున్న కార్టూన్‌కీ నీ గీతల కాగితమే పెట్టు.

ఇంట్లో ఏం చెయ్యాలో నాలుగు వాక్యాల్లో తేల్చేశావు, అక్కడ విప్పి రాయాలి. తువ్వాలు సంగతి చూడు. పిల్లలు దాన్ని మెడకి ముడేసుకుని హీరోలవుతారు. తలుపు గడియకో, జారుడుబల్ల అంచుకో తగులుకుంటే ముడి ఊడదు, మెడకి బిగుస్తుంది. చొక్కా భుజాల మీద వెల్‌క్రో ముక్కలతో అతికిస్తే లాగగానే ఊడొస్తుంది. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీ గ్రిల్ దగ్గర స్టూలు, కుర్చీ, ఖాళీ నీళ్ల క్యాన్ ఉండకూడదు. ఇది ఊరికే భయపెట్టడం కాదు. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలయ్యాక పిల్లలు అనుకరిస్తున్నారన్న వార్తలు వస్తే, అలా చెయ్యొద్దని అదే వేషంలో ఆ హీరో చేతే చెప్పించారు.

ఆట మాన్పించమని రాయొద్దు. చూసినదాన్ని ఆడి వదిలించుకోవడం పిల్లల పద్ధతి. ఆటలో హీరో ఉద్యోగం మార్చమని చెప్పు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి, డ్రోన్లు అన్నం పొట్లాలు తెచ్చాయి. అది చూసిన పిల్లలున్న ఊరు మనది. పరుపు పడవ, చీపురు తెడ్డు, మంచం మీద చిక్కుకుపోయిన ఎలుగుబంటి బొమ్మ ఉంటే చాలు. హీరోకి కావలసినంత పని, కొట్టడానికి ఎవడూ లేడు.

సమయం గురించి ఒక్క వాక్యం చాలు: రెండేళ్ల లోపు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఆటోప్లే ఆపమను, లేకపోతే ‘ఒక్క ఎపిసోడ్’ అన్న మాట ఎవరి చేతిలోనూ ఉండదు. ఓటీటీలో యూ/ఏ 7+ (ఏడేళ్లు దాటినవాళ్లకి, అంతకు చిన్నవాళ్లైతే పెద్దల తోడుతో) అని కనిపిస్తే నాలుగేళ్ల వాడిని యాప్ ఆపుతుందనుకోవద్దని కూడా రాయి. కేంద్ర ప్రభుత్వం తెచ్చిన 2021 ఐటీ రూల్స్ ప్రకారం పేరెంటల్ లాక్ తప్పనిసరి అయ్యేది 13+ నుంచి.

ముద్ద పెట్టేటప్పుడు ఫోన్ గురించి ఉపన్యాసం మానేసి, కార్టూన్‌ని ఆ పూట నుంచి సాయంత్రానికి జరపమని రాయి. పొద్దున పాటలు పెట్టుకోనీ.

తిరగరాసింది వచ్చే ఆదివారం లోపు పంపు. గీతల కాగితం కూడా జత చెయ్యి, ముందు అదే చూస్తాను.