సోనార్‌తో సాల్మన్ లెక్క: అలాస్కా కొలువు మీద మన ఫిషరీస్ పిల్లల సందేహాలకు

ముత్తుకూరులోనో పెబ్బేరులోనో బీఎఫ్‌ఎస్సీ చేసి ఇక్కడికి, అమెరికాకి, ఎమ్మెస్‌కి వచ్చినవాళ్లు తరచుగా అడిగేది ఒకటే: అలాస్కాలో సోనార్ (నీళ్లలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో చేపల్ని చూసే పరికరం) పెట్టి సాల్మన్‌ని లెక్కపెట్టే ఉద్యోగాలు మనకి వస్తాయా? వస్తాయి. కాని వీసా లెక్కలు వేసుకునే ముందు పని ఏమిటో తెలుసుకోండి. సోనార్ అనగానే హీటరు గదిలో స్క్రీన్ ముందు కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. స్క్రీన్ ఉంటుంది, దాంతోపాటు నడుము లోతు చన్నీళ్లలో దిగి స్టాండు జరపడమూ ఉంటుంది.

గోదావరికి ఎర్రనీరు రాగానే పులస ఎదురీదినట్టే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే వస్తుంది. పులస గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి పోగలదు. అలాస్కాలోని ఐదు రకాల పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. అందుకే ఈ ఏడాది ఎన్ని చేపలు వలలు తప్పించుకుని పైకి చేరాయన్నదే రాబోయే తరానికి పెట్టుబడి. ఆ సంఖ్యని ఇక్కడ ఎస్కేప్‌మెంట్ అంటారు. నీళ్లు తేటగా ఉన్న నదుల్లో ఒడ్డున మంచె కట్టి కళ్లతోనే లెక్కపెడతారు. కీనై, కాపర్ లాంటి నదుల్లో హిమానీనదాల పొడి కలిసి నీళ్లు మసకగా ఉంటాయి, అడుగు కనపడదు. సోనార్ అవసరం అక్కడ.

లెక్క సాయంత్రానికి అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ మేనేజర్ల చేతికి వెళ్తుంది. దాన్ని చూసే వేట తెరవాలా మూయాలా అని నిర్ణయిస్తారు. యూకాన్ నది మీద కెనడా వైపు పుట్టే చినూక్ సాల్మన్ కోసం రెండు దేశాలూ 2024 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకుని ఏడేళ్లపాటు వేట ఆపేశాయి. ఒడ్డునున్న యూపిక్, అథబాస్కన్ ఊళ్లవాళ్లకి ఎండబెట్టిన సాల్మనే చలికాలపు తిండి. వాళ్ల ముందు "ఇవాళ బోలెడు చేపలు వెళ్లాయి" అని తేలిగ్గా మాట్లాడకండి, మీ నోటి మాట మీ లెక్క కంటే ముందే ఊరు చేరుతుంది.

ఇక పరికరం. ఇప్పుడు ఎక్కువ చోట్ల ఉన్నది ఏరిస్, పాత చోట్ల దాని అన్న డిడ్‌సన్. రెండూ శబ్దంతో వీడియో లాంటి బొమ్మ ఇస్తాయి, చేప తోక ఊపడం కూడా కనిపిస్తుంది. డిడ్‌సన్ మామూలు మోడల్ 1.8 మెగాహెర్ట్జ్‌లో 96 కిరణాలతో, 1.1లో 48 కిరణాలతో చూస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగితే బొమ్మ స్పష్టం, దూరం తక్కువ. 1.8లో ఓ 12 మీటర్లు, 1.1లో 30 మీటర్ల పైచిలుకు నమ్మవచ్చు. ఒక్కో కిరణం మధ్య ఎడం 1.8లో 0.3 డిగ్రీలు, 1.1లో 0.6 డిగ్రీలు, అంటే 10 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు, 30 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల పైనే. దూరాన ఉన్న చేప పొడవు కొలిచి రకం చెప్పేస్తానంటే ఎవరూ నమ్మకపోవడానికి కారణం ఈ చిన్న లెక్కే.

చోటు ఎంపిక సగం పని. నది ఒకే పాయగా, తిన్నగా పారాలి. అడుగు ఒడ్డు నుంచి లోపలికి బల్లపరుపుగా వాలాలి, మధ్యలో గుంటలు, బండలు ఉంటే వాటి వెనక చేపలు దాక్కుంటాయి. ఆటుపోట్లు తగలకూడదు. చేపలు అక్కడ ఆగకుండా ముందుకు పోతూ ఉండాలి, ఎందుకంటే ఒకే చోట చక్కర్లు కొట్టే చేప పది చేపలుగా లెక్కకు వస్తుంది. ప్రవాహం నెమ్మదిగా ఉండే ఒడ్డు పక్కన, అడుగుకి ఆనుకుని సాకై సాల్మన్ పోతుంది. మన అదృష్టం అది, లేకపోతే అంత వెడల్పు నదిని ఒడ్డు నుంచి చూడటం కుదరదు. చినూక్ మాత్రం నడి ఏటిలోకి జరుగుతుంది. కీనైలో సాకైకి 19వ మైలు దగ్గర ఒకటి, చినూక్‌కి 13.7వ మైలు దగ్గర ఇంకొకటి అని రెండు సోనార్ కేంద్రాలు ఉన్నాయి.

బిగించే తీరు ఇది. అల్యూమినియం స్టాండుకి సోనార్‌ని, దాన్ని తిప్పే రొటేటర్‌ని బిగించి, ఇసుక బస్తాలు వేసి, తాడుతో ఒడ్డున చెట్టుకి కట్టాలి. ప్రవాహానికి అడ్డంగా, అవతలి ఒడ్డు వైపు చూడాలి. సోనార్‌కి కాస్త దిగువన ఒడ్డు నుంచి కంచె వేస్తారు. ఎదురీదే చేప దాన్ని చుట్టుకుని బయటికి వచ్చి కిరణం ముందుగా పోవాలి. కంచె చివర సోనార్ కంటే మీటరో రెండు మీటర్లో ముందుకి ఉండకపోతే చేపలు సోనార్ వెనక నుంచి జారిపోతాయి.

గురి పెట్టడంలోనే కొత్తవాళ్లు తడబడతారు. వంపు కొద్దికొద్దిగా దించుతూ, అడుగు గులకరాళ్లు దగ్గర నుంచి దూరం దాకా సమానంగా కనబడేవరకు పోవాలి. వంపు తక్కువైతే కిరణం అడుగుకి పైనుంచి పోయి చేపలు కింద నుంచి తప్పించుకుంటాయి. ఎక్కువైతే దగ్గరి అడుగే తెల్లగా మెరిసి, దాని అవతల నీడ పడుతుంది. స్క్రీన్‌లో బాగుంది కదా అని వదిలేయకండి. బరువు కట్టిన సీసాని పడవలోంచి దించి, 5, 10, 15, 20 మీటర్ల దగ్గర అడుగు మీద లాగిస్తూ ప్రతిచోటా కనిపిస్తుందో లేదో చూడండి. కనిపించని దూరం దగ్గర మీ లెక్కకి చిల్లు ఉన్నట్టే. నీటిమట్టం మారి స్టాండు జరిపిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి. చలిలో విసుగు పుట్టి మానేసేదీ దీన్నే.

లెక్కింపు చాలా కేంద్రాల్లో గంటకు 10 నిమిషాల నమూనా. పైకి వెళ్లినవి కూడాలి, కిందికి వచ్చినవి తీసేయాలి, మిగిలినదాన్ని 6తో గుణించాలి. ఉదాహరణకి 10 నిమిషాల్లో 84 పైకి, 3 కిందికి అయితే 81, ఆ గంటకి 486. ఒక ఒడ్డుకి రోజుకి 24 ఫైళ్లు. ఒక్క చేప తప్పు ఆరు చేపల తప్పు అవుతుందని గుర్తుంటే చాలు. ఖాళీ ఫైళ్లలో ఎకోగ్రామ్ (ఫైలు మొత్తాన్ని ఒకే బొమ్మగా చూపేది) చూసి గబగబా దాటేయొచ్చు, గుంపు వచ్చినప్పుడు మాత్రం వేగం తగ్గించండి, ముందు చేప నీడలో వెనక చేప కనపడదు. ఒకే ఫైలుని ఇద్దరు విడివిడిగా చదివి పోల్చుకోవడం ఆనవాయితీ. తేడా వస్తే ఎవరిది తప్పని వాదన వద్దు, కలిసి మళ్లీ చూడండి. సీజన్ చివరికి కిందికి కొట్టుకొచ్చే చచ్చిన చేపల్ని "కిందికి ఈదినవి"గా తీసేస్తే లెక్క తగ్గిపోతుంది. తోక ఆడుతోందా లేదా చూడాలి.

సోనార్ రకం చెప్పదు. కీనైలో సరి సంవత్సరాల్లో పింక్ సాల్మన్ వెల్లువలా వస్తుంది. సాకైతో కలిసిపోతే బొమ్మలో తేడా తెలియదు. చినూక్ లెక్కలో 75 సెంటీమీటర్లు దాటిన పెద్దవాటినే తీసుకోవడం ఈ చిక్కుని తప్పించడానికే, సాకై అంత పొడవు పెరగడం అరుదు. యూకాన్ మీద పైలట్ స్టేషన్ దగ్గర వేరే పద్ధతి: రకరకాల కన్ను సైజుల వలలతో పడవలో వేటాడి, పడ్డవాటి నిష్పత్తిని బట్టి సోనార్ మొత్తాన్ని రకాలవారీగా పంచుతారు. కాబట్టి వల విప్పడం, పొలుసు తీసి వయసు కోసం అట్టకి అంటించడం, పొడవు కొలవడం కూడా మీ పనే.

ఏవి పాడవుతాయంటే, మొదటిది బురద. డిడ్‌సన్ లెన్సుల మధ్య ఏటి నీళ్లే నిండుతాయి, పొడిలాంటి సిల్టు చేరి రోజురోజుకీ బొమ్మ మసకబారుతుంది. మెల్లగా జరుగుతుంది కాబట్టి కంటికి అలవాటైపోతుంది. మొదటిరోజు బొమ్మ ఒకటి దాచుకుని దానితో పోల్చండి, తేడా కనబడితే బయటికి తీసి శుభ్రమైన నీళ్లతో కడగాలి. వరదలో దుంగలు వచ్చి స్టాండుని తిప్పేస్తాయి, ప్రతి షిఫ్టు మొదట్లో దిక్సూచి, వంపు అంకెలు రాసుకోవడం అందుకే. ఎదురెదురు ఒడ్ల సోనార్లు ఒకదాని శబ్దం ఒకటి వింటే బొమ్మ మీద గీతలు పడతాయి. ల్యాప్‌టాప్ గడియారాలు రెండూ ఒకే సమయం చూపకపోతే తర్వాత ఏ ఫైలు ఏ గంటదో తేల్చలేరు. డేటా రెండు వేరు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి, ఒకే డేరాలో రెండూ పెట్టడం కాదు. జనరేటర్ ఆగి రెండు గంటలు పోతే ముందు వెనక గంటల సగటుతో పూడుస్తారు, ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాయకుండా పూడిస్తే మాత్రం ఉద్యోగానికే ముప్పు.

సాఫ్ట్‌వేర్ పిల్లల ప్రశ్న ఇంకోటి: ఇదంతా ఏఐ చేసేయదా? కీనై, నుషగాక్, వాషింగ్టన్‌లోని ఎల్వా నదుల వీడియోలతో ఒక పెద్ద డేటాసెట్ 2022లో బయటికి వచ్చింది. ఒక చోట నేర్చిన ప్రోగ్రామ్ ఇంకో నదికి, చివరికి అదే నది అవతలి ఒడ్డుకి మార్చినా తడబడుతుందని అందులోనే తేలింది. ఆర్ (గణాంకాలకి వాడే కంప్యూటర్ భాష), కాస్త ప్రోగ్రామింగ్ వచ్చిన ఫిషరీస్ మనిషికి ఇక్కడ గిరాకీ ఉంది. సియాటిల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు అలాస్కా దాకా పోకుండా వాషింగ్టన్, కాలిఫోర్నియా నదుల పనులూ చూడొచ్చు.

క్యాంపుకి వచ్చేముందు ఈత నేర్చుకోండి. చన్నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి నిలబెట్టుకోవడానికి, తర్వాతి 10 నిమిషాలు చేతులు మొద్దుబారేలోపు ఒడ్డుకో పడవకో చేరడానికి. గంటలో స్పృహ పోవచ్చు. లైఫ్ జాకెట్ తీయకండి, వేడర్స్ (నీళ్లలో దిగడానికి వేసుకునే, బూట్లతో కలిసిన రబ్బరు ప్యాంటు) మీద నడుం బెల్టు గట్టిగా కట్టండి. ఎలుగుబంటి స్ప్రేని ప్రయాణికుల విమానంలో చెకిన్ సామానులో కూడా రానివ్వరు, అక్కడే కొనాలి. క్యాంపులో తుపాకీ ఉంటుంది. ఎఫ్-1, హెచ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాలవాళ్లు తుపాకీ పట్టుకోవడం, కొన్ని మినహాయింపులు తప్ప, ఫెడరల్ నేరం. శిక్షణ అని పిలిచినా సరే, ముందు వీసా సంగతి చెప్పి లాయర్ మాట రాతలో తెచ్చుకోండి. శాకాహారులు సరుకుల ఆర్డర్ వెళ్లకముందే చెప్పాలి, తర్వాత విమానం వచ్చేదాకా కందిపొడీ ఆవకాయే గతి. రైస్ కుక్కర్ తెచ్చుకోండి గాని సోనార్ నడిచే చిన్న జనరేటర్‌కి తగిలించకండి, అది 500 వాట్ల పైనే లాగుతుంది.

అర్హతలకొస్తే, ఫెడరల్ ఫిష్ బయాలజిస్ట్ పోస్టుకి డిగ్రీలో జలజీవ సబ్జెక్టులు కనీసం 6 సెమిస్టర్ అవర్లు, జంతుశాస్త్రం 12 ఉండాలి. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో ఇవి దండిగా ఉంటాయి, క్రెడిట్ మదింపు సంస్థ నుంచి కోర్సులవారీ నివేదిక తీసుకోండి. మూడేళ్ల బీఎస్సీవాళ్లకి ఇక్కడి ఎమ్మెస్సే ఆధారం. అయితే ఫెడరల్ కొలువులు దాదాపు పౌరులకే, అలాస్కా రాష్ట్ర ప్రకటనల్లో చాలావాటికి "రాష్ట్ర నివాసులకే" అని ఉంటుంది. వీసా మీద ఉన్నవాళ్లకి దారి ఎక్కువగా యూనివర్సిటీ ప్రాజెక్టులు, తెగల మత్స్య విభాగాలు, కన్సల్టెంట్ సంస్థలు. యూనివర్సిటీ అయితే హెచ్-1కి లాటరీ గొడవ కూడా లేదు.

ఓపీటీ (చదువయ్యాక ఎఫ్-1 మీదే పనిచేసే అనుమతి) మీద ఉన్నవాళ్లు క్యాలెండర్ ముందు పెట్టుకోండి. సీజన్ మే చివర మొదలై సెప్టెంబరుకి ముగుస్తుంది, ఆ మర్నాటి నుంచే నిరుద్యోగపు రోజులు లెక్కకు వస్తాయి, శని ఆదివారాలతో సహా. మొదటి ఏడాది మొత్తం 90 రోజులే. డిసెంబరు ముగిసేలోపే అయిపోతాయి. కాబట్టి సీజన్‌లో చేరేటప్పుడే, చలికాలం ఫైళ్లు మళ్లీ చదవడం, నివేదిక రాయడం లాంటి పని వారానికి కనీసం 20 గంటలు ఇస్తారా అని అడిగి రాయించుకోండి. స్టెమ్ పొడిగింపు (సైన్సు, టెక్నాలజీ కోర్సులవాళ్లకి ఓపీటీని పెంచడం) మీ కోర్సు పేరుని బట్టి రాదు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం) మీద ఉన్న కోర్సు కోడ్‌ని బట్టి వస్తుంది. ఫిషరీస్, బయాలజీ విభాగాల కోడ్‌లు వేరువేరు, అడ్మిషన్ తీసుకునే ముందే స్టెమ్ జాబితాలో సరిచూసుకోండి. యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ) ఉండాలి, చిన్న తెగల సంస్థలు కొన్ని ఉండవు, ఇంటర్వ్యూలోనే అడగండి. సీజన్ కొలువుల ప్రకటనలు చలికాలంలోనే పడతాయి, ఏప్రిల్‌లో వెతకడం మొదలుపెడితే మిగిలేది వచ్చే ఏడాదే.