బావా, ఇంకెంత పడుతది?

పోయిన దసరాకు దేవరకొండ దగ్గర మా ఊరికి పోతే, వీసా స్టాంపింగ్‌కని మా బామ్మర్ది కూడా అమెరికా నుంచి దిగాడు. బత్తాయి తోటలో గట్టు మీద కూర్చోగానే మొదలుపెట్టాడు. “బావా, షేర్ మార్కెట్ క్రాషైతే ఎంత దాకా పడుతది? అట్టడుగున కొందామని పైసలన్నీ ఆపి పెట్టిన.”

అదే తోటలో ఒకప్పుడు మా నాన్న బోరు వేయించాడు. నీళ్లు చూసే పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచాడు. కాయ నిటారుగా లేచింది. “నూటెనభై ఫీట్లు” అన్నాడు. మూడొందలకూ తెల్ల దుమ్మే. “ఇంకో యాభై” అనుకుంటూ నాలుగొందల యాభై దాకా పోయాం. బోరు బండి వాళ్లు మాత్రం ఫీటు లెక్కన డబ్బులు తీసుకుని పోయారు.

నేనూ ఆ కాయ పట్టుకున్నవాడినే. 2008 అక్టోబరులో అమెరికా పెద్ద కంపెనీల షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 900 దగ్గర ఉండగా భయపడి అమ్మేశా, 500కు వస్తే కొందామని. 2009 మార్చి 9న 676 దగ్గర ముగిసి వెనక్కి తిరిగింది. ఆ ఏడాది చివరికి 1,100 దాటింది. నా 500 ఇంకా రాలేదు.

పాత లెక్కలు చూస్తే తెలుస్తుందంటారు. అప్పుడు ఎత్తు నుంచి అడుగుకు 57 శాతం పడింది. 2020లో నెల రోజుల్లో 34, 2022లో 25. టెక్ కంపెనీలు ఎక్కువగా ఉండే నాస్‌డాక్ సూచీ అయితే 2000 నుంచి 2002 లోపు 78 శాతం పోయి, పాత ఎత్తుకు రావడానికి 2015 దాకా పట్టింది. ఇందులో ఏ అంకె పట్టుకుంటారు? కంపెనీల లాభాలు ఎంత తగ్గుతాయో, అప్పు చేసి కొన్నవాళ్లు ఎంతమంది అమ్ముకోక తప్పదో ముందే ఎవరికి తెలుసు?

అమెరికాకు కొత్తగా వెళ్లినవాళ్లు లెక్కేయాల్సింది వేరే ఉంది. మార్కెట్ బాగా పడిన రోజుల్లోనే లేఆఫ్‌లూ వస్తాయి. హెచ్1బి వీసా మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. అప్పుడు సగానికి పడిన షేర్లు అమ్మి అద్దె కట్టాలంటే ఏడుపొస్తుంది. అందుకే ఆరు నెలల ఖర్చు, ఊళ్లో చదువుల లోన్ కిస్తీతో సహా, బ్యాంకులోనే ఉంచండి. కంపెనీ ఇచ్చిన షేర్లు చేతికి రాగానే కొన్నైనా అమ్మేయండి. జీతమూ పొదుపూ ఒకే కంపెనీ మీద ఉంటే ఒక్క బోరు మీద తోటంతా పెట్టినట్టే.

“మరి 401కె కూడా ఆపిన బావా, పడినంక మొదలుపెడ్దామని” అన్నాడు నెమ్మదిగా. 401కె అంటే రిటైర్మెంట్ కోసం జీతంలోంచి వేసుకునే పొదుపు. మనం వేస్తే కంపెనీ కలిపే వాటా ఏడాదిగా వదిలేశాడన్నమాట! అక్కడే, తోట గట్టు మీదే, ఫోన్ తీయించి మళ్లీ ఆన్ చేయించా. సిగ్నల్ కోసం రెండుసార్లు లేచి నిలబడాల్సి వచ్చింది.